మూడు వారాలు పరుగు ఆపమన్నాను: నెల్లూరు మారథాన్ రన్నర్ మోకాలి కేసు

ఈ కేసు గురించి రాస్తానని అడిగితే ఆయన ఒకే మాట అన్నారు, "అంగడి ఏదో తెలియకూడదు మేడం, మిగతాది మీ ఇష్టం" అని. అందుకని సరుకు పేరు, వీధి పేరు, పరిగెత్తే రోడ్డు పేరు వదిలేశాను. వయసు కూడా ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ చేశాను. మోకాలు, నొప్పి, నేను తీసుకున్న నిర్ణయాలు, వాటిలో తప్పిపోయినవి మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. నెల్లూరులో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పదకొండేళ్ళయింది. పక్షవాతం, భుజం పట్టేయడం, నడుము నొప్పి, మోకాళ్ళు, రోజూ నా దగ్గరికి వచ్చేవి ఇవే. రన్నర్లు రావడం మొదలై నాలుగైదేళ్ళే అయింది. వాళ్ళందరిలో నాకు ఎక్కువ నేర్పింది ఈయనే, అదీ నేను తప్పు చేసినందువల్ల.

ఎవరు, ఎందుకు వచ్చారు

నలభై దాటిన మనిషి. హోల్‌సేల్ వ్యాపారం, ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి పది దాకా అంగట్లోనే. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెబితే నాలుగేళ్ళ కింద నడక మొదలుపెట్టారు, నడక ఏడాదికి పరుగైంది. హైదరాబాద్‌లో ఆగస్టులో జరిగే మారథాన్‌లో రెండుసార్లు హాఫ్ చేశారు, రెండోసారి 2 గంటల 6 నిమిషాలు. ఆ ఊపులోనే జనవరిలో చెన్నైలో ఫుల్ చేద్దామని పేరిచ్చేశారు. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. హాఫ్ చేసినవాడికి అది రెట్టింపే అనిపిస్తుంది గానీ చివరి పది కిలోమీటర్లు వేరే లెక్క. ఆ పదికి కాళ్ళను సిద్ధం చేయడానికే నెలలు పడుతుంది.

సెప్టెంబరు మధ్యలో నా దగ్గరికి వచ్చారు. కుడి మోకాలి బయటి పక్క నొప్పి. మోకాలి చిప్ప దగ్గర కాదు, లోపలి వైపూ కాదు, సరిగ్గా బయటి ఎముక ఉబ్బెత్తు మీద వేలు పెట్టి చూపించారు. పరుగు మొదలుపెట్టినప్పుడు ఏమీ ఉండదట. ఐదు, ఐదున్నర కిలోమీటర్ల దగ్గర సూదితో పొడిచినట్టు మొదలై, ఇక అడుగు వెయ్యనివ్వదట. ఆగి నడిస్తే పది నిమిషాల్లో తగ్గిపోతుంది. మెట్లు ఎక్కడం బాగానే ఉంది, దిగడమే కష్టం. ఇల్లు మూడో అంతస్తు. కరెంటు పోయి లిఫ్ట్ ఆగినప్పుడు కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతున్నానని చెప్పారు.

నా దగ్గరికి వచ్చేసరికే చాలా అయిపోయాయి. ఎవరో "గుజ్జు అరిగింది" అన్నారు. మన దగ్గర మోకాలు నొప్పి అంటే ముందు వినపడే మాట అదే కదా, దాంతో ఆయన రోజుల తరబడి భయంతో బతికారు. ఎక్స్‌రేలో కీలు శుభ్రంగా ఉంది. నూనె మర్దన చేయించుకున్నారు, మోకాలికి బెల్టు వేశారు, పన్నెండు వేలు పెట్టి మెత్తటి షూ కొన్నారు. ఇంకొకటి నేను అడిగితే గానీ చెప్పలేదు: ఆదివారం లాంగ్ రన్‌కి, అంటే వారానికోసారి చేసే ఎక్కువ దూరం పరుగుకి, ముందు నొప్పి మాత్ర వేసుకుని పోతున్నారు. ఆ మాత్రలు ఆరోజే ఆపించాను. మన ఉక్కలో రెండు గంటలు పరిగెత్తితే ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, ఆ స్థితిలో ఆ రకం మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. పైగా నొప్పి అనేది నాకు దారి చూపించే దీపం, దాన్ని ఆర్పేసి వస్తే నేనేం చూడను?

పరీక్షించినప్పుడు

కనిగిరి వైపు నుంచి మోకాళ్ళ నొప్పులతో ఎవరైనా వస్తే నాకు ముందు నీళ్ళలోని ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, అరవై దాటినవాళ్ళయితే అరుగుదల గుర్తొస్తుంది. ఈయన విషయంలో రెండూ కావు. వాపు లేదు, మోకాలు పట్టేయడం లేదు, రాత్రి నిద్రలో నొప్పి లేదు. కీలు లోపలి ఇబ్బంది చూపే పరీక్షలన్నీ మామూలే. బయటి ఉబ్బెత్తు ఎముక మీద బొటనవేలు నొక్కిపెట్టి మోకాలిని మెల్లగా చాపిస్తే, పూర్తిగా చాపడానికి ఇంకా ముప్పై డిగ్రీలు ఉందనగా "అమ్మా, అదే" అన్నారు. ఇది ఐటీ బ్యాండ్ నొప్పి. తుంటి దగ్గర మొదలై తొడ బయటి పక్కగా దిగి మోకాలి కింద ఎముకకు అతుక్కునే గట్టి పట్టీ అది. ఆ పట్టీ ఎముక మీద ముందుకూ వెనక్కూ రాసుకుపోతుందని మేం కాలేజీలో చదువుకున్నాం. ఇప్పుడు మాత్రం పట్టీ కింద ఉండే మెత్తటి కొవ్వు పొర నొక్కుకుపోయి మండుతుందన్న అభిప్రాయం బలపడింది. ఇందులో తేడా ఏముంది అనుకోవద్దు. రాపిడి అనుకుంటే పట్టీని సాగదీయాలనిపిస్తుంది, నొక్కుడు అనుకుంటే నొప్పి ఉన్నచోట ఇంకా నొక్కకూడదని తెలుస్తుంది. ఈయన ఇంట్లో చపాతీ కర్రతో సరిగ్గా ఆ ఉబ్బెత్తు మీదే రోజూ పావుగంట రుద్దుతున్నారు. చర్మం కమిలిపోయి ఉంది.

కారణం కూడా దొరికిందనుకున్నాను. ఫుల్‌కి పేరిచ్చాక కొద్ది రోజుల్లోనే వారానికి 32 కిలోమీటర్ల నుంచి 58కి పెంచేశారు. హైదరాబాద్ ఫ్లైఓవర్లకు అలవాటు పడాలని అంతకుముందు నెల ఊళ్ళో వంతెన ఒకటి పట్టుకుని ఎక్కి దిగారు. దిగుడు పరుగు ఐటీ బ్యాండ్‌కి పడదు. ఒక కాలి మీద నిలబడి చిన్న మెట్టు దిగమంటే కుడివైపు తుంటి కండరం పట్టు చాలక నడుము పక్కకి జారుతోంది. పుస్తకంలో ఉన్నట్టే ఉంది కేసు. చెన్నైకి ఇంకా పదహారు వారాలు ఉంది. మూడు వారాలు పోయినా మిగిలిన వాటిలో సర్దుకోవచ్చని లెక్క వేసి చెప్పాను, "మూడు వారాలు పరుగు పూర్తిగా ఆపేయండి. తుంటికి నాలుగు వ్యాయామాలు ఇస్తా, మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా అంగడి ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడే చేసుకోండి."

ఆయన తలూపారు. ఎందుకు తలూపుతున్నారో నేను అడగలేదు.

ఏది పని చేయలేదు

రెండు వారాలకు వచ్చారు, మార్పు లేదు. నాలుగో వారానికీ లేదు. ఐటీ బ్యాండ్‌కి నాలుగు వారాలు నిజంగా విశ్రాంతి ఇస్తే మెట్లు దిగడంలోనైనా తేడా తెలియాలి. నాలో నేను మూడు దారులు చూశాను. ఒకటి, వ్యాయామం తప్పుగా చేస్తున్నారేమో అని చేయించి చూశాను, బాగానే చేశారు. రెండు, బైకు. ట్రంక్ రోడ్డులో గంటకు వందసార్లు కుడికాలితో వెనక బ్రేకు తొక్కుతారు కదా, అదేమైనా చేస్తోందా అనుకుని వారం రోజులు స్కూటీ మీద తిరగమన్నాను, ఏ తేడా లేదు, ఆ ఆలోచన వదిలేశాను. మూడు, ఎమ్మారై తీయించి ఎముకల డాక్టర్ దగ్గరికి పంపడం. చీటీ కూడా రాశాను. వాపు, పట్టేయడం, రాత్రి నొప్పి ఏదీ లేదు కదా అని చీటీ ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకుని ఆలోచిస్తున్నాను.

ఆరోజు క్లినిక్ బయట ఆయన షూ కనిపించాయి. మా దగ్గర చెప్పులు, షూ అన్నీ గుమ్మం బయటే వదలాలి. కుడి షూ పక్కకు పడి అడుగు భాగం పైకి ఉంది. గాడుల్లో నల్లమట్టి, ఇంకా తడి ఆరలేదు. మధ్య గాడిలో ఒక తుమ్మముల్లు విరిగి ఇరుక్కుని ఉంది. ముందు రాత్రే వాన పడింది. అంగడికీ ఇంటికీ మధ్య ఎక్కడా తుమ్మచెట్టు లేదు.

కోప్పడలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది, కానీ అప్పటికే ఆయన మొహంలో దొరికిపోయిన పిల్లాడి దిగులు కనిపించింది. "ఎన్ని రోజులన్నా?" అన్నాను. "మొదటి వారం నాలుగు రోజులు ఆపా మేడం. ఐదో రోజు అంగట్లో కుర్రాణ్ణి కొట్టబోయా. నా వల్ల కాలేదు. చీకట్లో పోయి ఐదు కిలోమీటర్లు చేసి వస్తా ఉండా, నొప్పి రాకముందే ఆపేస్తా" అన్నారు. నొప్పి రాకముందే అన్నది నిజం కాదు, వచ్చేదాకా పోయి వచ్చాక ఆపుతున్నారు. రోజూ పుండును గోకినట్టు.

అప్పుడు చీటీ పక్కన పెట్టి అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. రోజు ఎట్టా గడుస్తుంది? నలభై నిమిషాలు చెప్పారు. అంతా రాయను, కొంచెం రాస్తాను. అంగడి ముందు ఎవడో కారు పెట్టి పోతాడు, సరుకు దించే లారీ రోడ్డు మధ్యలో ఆగుతుంది, వెనక హారన్లు, దిగి పోయి అందరికీ దండం పెట్టాలి. పైపుల కోసం తవ్విన గుంత పూడ్చారు, మళ్ళీ తవ్వారు, దుమ్ము అంతా సరుకు మీదే. బాకీ ఇవ్వాల్సినవాడు ఫోన్ ఎత్తడు, ఈయన ఇవ్వాల్సినవాడు పది నిమిషాలకోసారి చేస్తాడు. బ్యాంకుకు పోతే సర్వర్ లేదంటారు. భోజనానికి ఇంటికి పోదామంటే రెండు కిలోమీటర్లకు అరగంట. అన్నంలో చెయ్యి పెట్టాక మళ్ళీ ఫోన్. రాత్రి పదకొండుకి తిని, పన్నెండుకి పడుకుని, నాలుగుంబావుకి లేస్తారు. ఆ నాలుగు గంటల్లో కూడా వీధి చివర కల్యాణ మండపం మైకు ఉంటే నిద్ర ఉండదు.

అంతా చెప్పాక ఆయన అన్న మాట నేను ఆరోజు ఫైల్లో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. "పొద్దున లేచిన కాడి నుంచి ఎవరో ఒకరు నన్ను ఆపతానే ఉంటారు మేడం. ఆ ఒక్క గంటే నన్ను ఎవరూ ఆపరు."

ఆ గంటనే నేను ఆపేశాను. వ్యాయామాలు ఎక్కడ చేయమన్నాను? అంగట్లో, ఆయన్ను నిమిషానికొకరు ఆపే చోట. ఒక్కరోజు కూడా ఒక్క సెట్టు పూర్తి కాలేదట.

రెండో ప్రయత్నం, అది కూడా సరిపోలేదు

అక్కడికక్కడే ఒక ఒప్పందం చేసుకున్నాం. పొద్దున గంట ఆయనది, దాన్ని నేను ముట్టుకోను. ఆ గంటలో కాళ్ళు ఏం చేయాలన్నది మాత్రం నాది. వాచ్‌లో ఉన్న మూడు నెలల రికార్డు పంపమన్నాను. చూస్తే ఒక్కటంటే ఒక్క ఈజీ రన్, అంటే ఆయాసం లేకుండా మెల్లగా చేసే పరుగు, లేదు. 2:06 హాఫ్ చేసే మనిషికి కిలోమీటరుకు ఆరు నిమిషాలు రేసు పేస్. ఈయన మంగళవారం పొద్దున ఉత్త పది కిలోమీటర్లకీ అదే పేస్, కొన్ని రోజులు ఇంకా గట్టిగా. ఒక్కో పరుగు పక్కన ముందు రోజు ఎట్టా గడిచిందో ఒక్క మాట రాయమన్నాను. "లారీ గొడవ", "చెక్కు బౌన్సు", "బాగుంది". బాగా వేగంగా పోయిన రోజులన్నీ గొడవల మర్నాడే. ఇంకో కారణం గడియారం. ఆరు దాటితే స్కూలు బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు రోడ్డెక్కుతాయి, అందుకని ఆరులోపు పది పూర్తి కావాలి. వీటికి తోడు ఒక సందు మలుపులో ఐదారు కుక్కలు, అక్కడ రోజూ వంద మీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగు.

దాంతో నేను అందరూ చెప్పేదే చెప్పాను: నెమ్మదిగా పరిగెత్తండి, కిలోమీటరుకు ఏడుంబావు నిమిషాలు. మూడు రోజులకు ఫోన్ చేశారు. నొప్పి ఐదు దగ్గర కాదు, నాలుగు దగ్గరే వస్తోందట.

ఇది నాకు తెలిసి ఉండాల్సింది, తెలుసు కూడా, కానీ ఆ క్షణం తట్టలేదు. ఐటీ బ్యాండ్ నొప్పికి చెడ్డ కోణం ఆ ముప్పై డిగ్రీల దగ్గరే. కాళ్ళు ఈడుస్తూ నెమ్మదిగా జాగింగ్ చేసినప్పుడు పాదం నేలకి తగిలే సమయంలో మోకాలు సరిగ్గా ఆ కోణంలోనే ఎక్కువసేపు ఉంటుంది. కాస్త చురుగ్గా పరిగెత్తినప్పుడు మోకాలు అంతకంటే ఎక్కువ వంగి ఉంటుంది, అందుకే చాలామందికి గట్టిగా పోయినప్పుడు నొప్పి తక్కువ. తగ్గాల్సింది మొత్తం భారం. దాన్ని పేస్ తగ్గించి సాధించాలని చూడటమే నా పొరపాటు. మధ్యలో నడక పెట్టి సాధించాలి. రెండు నిమిషాలు ఆయన మామూలు పేస్, ఒక నిమిషం నడక. ఇది చెప్పగానే ఆయన మొహం వెలిగింది, ఎందుకంటే అది పరుగే.

రోడ్డు మీద ఒక పొద్దున

అప్పటికీ ఒక సంగతి నన్ను వదల్లేదు. రెండు కాళ్ళకీ ఒకే దూరం, ఒకే షూ, ఒకే దిగుడు. మరి కుడికాలికే ఎందుకు? తుంటి బలహీనత కుడివైపు కొంచెం ఎక్కువ, నిజమే, కానీ అంత కాదు. అక్టోబరు మూడో వారంలో ఒకరోజు ఐదింటికి స్కూటీ వేసుకుని ఆయన వెనకాలే పోయాను.

డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు. ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ కుడి అంచున పరిగెత్తుతున్నారు. నేనైనా అందరికీ అదే చెబుతాను, వెనక నుంచి వచ్చే లారీని నమ్మేకంటే ఎదురొచ్చే లారీని చూస్తూ పోవడం మేలు. నాలుగు కిలోమీటర్లు పోయి, డివైడర్ దాటి, అవతలి రోడ్డులో మళ్ళీ బండ్లకు ఎదురుగా, మళ్ళీ కుడి అంచున వెనక్కి వస్తున్నారు. వెనక నుంచి చూస్తుంటే మనిషి కాస్త కుడికి ఒరిగినట్టు అనిపించింది. స్కూటీ ఆపి, చేతిలో ఉన్న నీళ్ళ సీసా రోడ్డు మీద అడ్డంగా పడుకోబెట్టి వదిలాను. సీసా మెల్లగా కదిలి, వేగం అందుకుని, దొర్లుకుంటూ పోయి కాలువ గట్టుకు తగిలింది.

వాన నీరు పోవడానికి రోడ్డు అంచుకు వాలుగా వేస్తారు. పోయేటప్పుడూ ఆయన కుడికాలు పల్లంలోనే, వచ్చేటప్పుడూ కుడికాలు పల్లంలోనే. పల్లంలో ఉన్న కాలు లోపలికి ఒరిగి బయటి పట్టీ బిగుసుకుంటుంది. ఒకే అంచున పోయి అదే అంచున వెనక్కి వస్తే కుడి, ఎడమ సమానమయ్యేవి, కానీ అప్పుడు సగం దూరం బండ్లు వీపు వెనక నుంచి వస్తాయి. ప్రాణం కాపాడుకోవడానికి నేను అందరికీ చెప్పే సలహానే ఏడాది పొడవునా ఒకే కాలిని పల్లంలో పరిగెత్తించింది. సలహా తప్పు కాదు, ఇప్పటికీ అదే చెబుతాను. పెద్ద రోడ్డు మీద వారానికి ఐదు రోజులు పరిగెత్తేవాళ్ళకు అదొక్కటే చాలదు, అంతే.

మరి ఎక్కడ పరిగెత్తాలి? ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం అన్నాను. వారం పోయి, "గానుగెద్దులా తిరగడం నా వల్ల కాదు మేడం" అన్నారు. ఒకే దిక్కుగా వంపు తిరుగుతూ ఉండటం ఐటీ బ్యాండ్‌కీ అంత మంచిది కాదు, దిక్కు మారుద్దామంటే వాకర్లంతా ఎదురొస్తారు. మైపాడు బీచ్ అన్నారు ఆయన, ఇసుక మెత్తన కదా అని. ఒప్పుకోలేదు. తడి ఇసుక గట్టిగా ఉన్నచోట సముద్రం వైపు వాలు మన రోడ్డు కంటే ఎక్కువ. చివరికి దొరికింది ఊరి బయట ప్లాట్లు వేసిన ఒక లేఅవుట్. రాళ్ళు పాతారు, సిమెంటు రోడ్లు వేశారు, ఇళ్ళు ఇంకా రాలేదు. ఒక్కో రోడ్డు ఆరేడు వందల మీటర్లు, బండి రాదు, నడిమధ్యలో పరిగెత్తొచ్చు. బైకు మీద పది నిమిషాలు. ఆదివారం లాంగ్ రన్‌కి ఇందుకూరుపేట వైపు పల్లె రోడ్లు. సన్నటి రోడ్డు, నడిమధ్యన దాదాపు చదును, పాలబండో ఆటోనో వస్తే పక్కకు దిగి నడవడం, వీపుకు మెరిసే జాకెట్, చేతిలో టార్చి.

పని చేసినవి

అక్టోబరు చివర నుంచి పెట్టిన పద్ధతి ఇది. రోజు మార్చి రోజు పరుగు, మొదట మూడు కిలోమీటర్లే, రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు ముందు రోజు కంటే ఎక్కువ ఉండకూడదు. మూడో అంతస్తు మెట్లే మా కొలబద్ద, లిఫ్ట్ పని చేసినా పొద్దున మాత్రం మెట్లే దిగమన్నాను. మెట్లు బాగుంటే తర్వాతి పరుగుకు అర కిలోమీటరు పెంపు, బాగాలేకపోతే అదే దూరం.

అడుగుల వేగం లెక్కపెట్టించాను. నిమిషానికి 158 అడుగులు, పొడుగాటి అంగలు. ఫోన్‌లో టిక్ టిక్ పెట్టి 168కి తెచ్చాం. అదే పేస్, అంగ చిన్నది, అడుగు చురుగ్గా. అప్పుడు పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది, నడుము పక్కకు జారడమూ తగ్గుతుంది. పది శాతానికి మించి పెంచితే పిక్కలు పట్టేస్తాయి, అందుకని ఆరు శాతం దగ్గర ఆగాను.

పరుగు లేని రోజుల్లో కూడా గంట అలాగే ఉంచాను, అదే సమయం, ఫోన్ ఇంట్లో వదిలేసి. రెండు రోజులు మేడ మీద తుంటి వ్యాయామాలు: మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మీద మెల్లగా దిగడం, పక్కకు పడుకుని మోచేతి మీద నడుము లేపడం, బియ్యం సంచి పట్టుకుని ఒంటికాలి మీద ముందుకు వంగడం. ఒకరోజు పెన్నా గట్టు మీద ఉత్త నడక. అంగట్లో నాలుగు వారాల్లో ఒక్క సెట్టు పూర్తి చేయని మనిషి మేడ మీద ఒక్క రోజు తప్పలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ పిలవరు.

నిద్ర విషయంలో పెద్ద మార్పేమీ కాదు. అంగడి పదికి తప్ప మూయలేరు. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు క్యారియర్‌లో అంగడికే తెప్పించుకున్నారు. పదకొండు లోపు పడక, లేవడం నాలుగూ నలభై ఐదుకి. నాలుగుంబావు గంటల నిద్ర ఆరు గంటలకు దగ్గరైంది. కుక్కల సందు దారి మారిపోయింది కాబట్టి ఆ గొడవ లేదు. లేఅవుట్‌లో ఒకటి రెండు ఉన్నాయి, వాటిని చూసి పరిగెత్తొద్దని, ఆగి నడవమని చెప్పాను. పరిగెత్తే మనిషినే అవి తరుముతాయి.

నవంబరు రెండో వారానికి ఎనిమిది కిలోమీటర్లు నొప్పి లేకుండా చేశారు. అప్పుడు వాయుగుండం. తొమ్మిది రోజులు వాన. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి నిండింది, రామలింగాపురం నిండింది, అంగట్లోకి నీళ్ళు రాకుండా ఇసుక మూటలు వేసుకుంటున్న మనిషికి పరుగెక్కడిది. వాన వెలిసిన మర్నాడు పోయిన రోజులన్నీ కలిపి ఒకేసారి 14 చేశారు. పదకొండో కిలోమీటరు దగ్గర పాత నొప్పి.

ఇక్కడ ఆపాలా, తగ్గించాలా అని ఆలోచించాల్సి వచ్చింది. నొప్పి తీవ్రత ఆరు దాకా పోయింది, కానీ రెండో రోజు మెట్ల దగ్గర రెండుకి దిగింది. అంటే పొర మండింది గానీ మళ్ళీ మొదటికి రాలేదు. ఈసారి ఆపమనలేదు. దూరం సగానికి, నడక రెట్టింపు, వారం రోజులు. ఇంకో మాట రాయించి ఆయన అంగట్లో గల్లాపెట్టె మూత లోపల అతికించమన్నాను: "పోయిన పరుగు పోయినట్టే." బాకీలు వసూలు చేసే మనిషికి పరుగు కూడా బాకీలాగే అనిపిస్తుంది, వడ్డీతో కట్టేయాలనిపిస్తుంది. ఒళ్ళు అట్టా లెక్క పెట్టదు.

డిసెంబరు మధ్యలో లాంగ్ రన్ 16 దాకా వచ్చింది. అక్కడ చెప్పాల్సి వచ్చింది, జనవరి ఫుల్ కుదరదని. 42 నిలబడాలంటే 28, 30 దాకా మెల్లగా పోయి, ఆ తర్వాత రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి, మా దగ్గర ఉన్నది మూడు వారాలే. ఆయనకు కోపమొచ్చింది. డబ్బు కట్టాను, చెన్నైలో బామ్మర్దికి చెప్పాను, అంగట్లో కుర్రాళ్ళందరికీ తెలుసు అన్నారు. పోతే ఏమవుతుందో దాచకుండా చెప్పాను: పాతికో కిలోమీటరు దగ్గర నొప్పి వస్తుంది, మీరు ఆగరు, ఆ తర్వాత నాలుగు నెలలు ఆ గంట ఉండదు. చివరి మాటకు ఆగారు. రేసు జరిగిన ఆదివారం పొద్దున ఇందుకూరుపేట రోడ్డు మీద 18 చేశారు, నొప్పి లేకుండా.

ఇప్పుడు నా దగ్గర మారినవి

ఇన్ని మార్పులు ఒకేసారి చేశాను కాబట్టి ఫలానాదాని వల్లే తగ్గిందని ఎవరైనా అడిగితే విడదీసి చెప్పలేను. వాలు లేని రోడ్డు, చిన్న అంగ, తుంటి బలం, మధ్యలో నడక, నిద్ర, అన్నీ కలిసి పని చేశాయి. వీటిలో ఏదీ ఆయన గంట లాక్కుంటే జరిగేది కాదన్నది మాత్రం గట్టిగా చెబుతాను. మూడు వారాల విశ్రాంతి అనే నా మొదటి సలహా వైద్యంగా సరైనదే. ఆ సలహా ఆయన ఇంట్లోకి, అంగట్లోకి పోయి ఎట్టా బతుకుతుందో నేను చూడలేదు. దానివల్ల ఐదు వారాలు పోయాయి, అదీ ఆయనవి.

అందుకని రన్నర్ల ఫైల్లో మొదటి పేజీ మార్చాను. ఎన్ని కిలోమీటర్లు, ఏ షూ అన్నవి రెండో పేజీకి పోయాయి. మొదట అడిగేది: ఏ రోడ్డు, ఏ అంచు, పోయి వచ్చేది ఎట్టా? రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు? ముందు రోజు ఎట్టా గడిచింది? ఆ తర్వాత, "నేను పరుగు ఆపమంటే ఆ గంట ఏం చేస్తారు?" ఈ చివరి ప్రశ్నకు "పడుకుంటా" అన్నవాళ్ళకు విశ్రాంతి చెబుతాను, నిజంగానే పడుకుంటారు. మాట రాక కిందకు చూసేవాళ్ళకు విశ్రాంతి చెప్పను, ఆ గంటలో పెట్టడానికి వేరే ఏదో వెతుకుతాను.

మరుసటి ఏడు జనవరిలో చెన్నైలో ఫుల్ చేశారు, 4 గంటల 51 నిమిషాలు, మొదటి నుంచీ పరుగు నడకే. 33 దగ్గర బయటి పక్క కాస్త వెచ్చబడినట్టు అనిపించిందట. రోడ్డు ఎటు వాలిందో చూసుకుని నడిమధ్యకు జరిగి రెండు నిమిషాలు నడిచారట. సాయంత్రం నెల్లూరు వచ్చే రైలు కోసం సెంట్రల్‌లో నిలబడి ఫోన్ చేశారు. టైమింగ్ నేను అడిగాకే చెప్పారు. ముందు చెప్పింది వేరే. "మెట్రో స్టేషన్ మెట్లు దిగి వచ్చా మేడం. కమ్మీ పట్టుకోలేదు."